వట్లూరు పై వాటా

జూన్ 9, సోమవారం

గోనె సంచుల కంపెనీవాళ్లు మా ఉల్లిపాయల కొట్టుకి ఇచ్చిన డైరీ ఇది. ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. మా ఆయన లెక్కలన్నీ ఫోనులోనే రాసుకుంటున్నారు. నేను తీసుకున్నాను. ఎవరికీ చూపించను.

ఇవాళ ఏలూరు పవర్‌పేటలో మా పెంకుటిల్లు కొంటానన్న తాతాజీ గారు వెనక్కి తగ్గారు. ఆర్టీసీ కండక్టరు. భార్యతో వచ్చి అడ్వాన్సు తిరిగి తీసుకున్నారు. లోను రాలేదు. ఆయనకి సొసైటీలో ఉన్న బాకీ సంగతి బ్యాంకులో చెప్పొద్దన్నాడట మధ్యలో ఉన్న ఏజెంటు. వాళ్లు కనిపెట్టి ఫైలు మూసేశారు. ముందే చెప్పి ఉంటే కాస్త తగ్గించైనా ఇచ్చేవాళ్లు. తాతాజీ గారి భార్య వంటింటి గడప దగ్గర ఆగి, "ఈ మూల గ్రైండరు పెట్టుకుందామనుకున్నానండి" అంది.

అమ్మ పోయాక వచ్చిన పొలం అమ్మి తమ్ముడు విజయ్, నేను ఈ వ్యాపారంలోకి దిగాం. పాత ఇళ్లు కొంటాం, బాగుచేస్తాం, అద్దెకిస్తాం, మంచి బేరం వస్తే అమ్ముతాం. బయట తిరుగుడంతా వాడిది. మేస్త్రీలు, రంగులు, పద్దులు నావి. ఇళ్లు బాగానే ఉంటున్నాయి. కొనేవాళ్లూ మంచివాళ్లే వస్తున్నారు. అన్నీ లోను దగ్గరే ఆగుతున్నాయి. ఆ ఏజెంటుకి ఇంటి సంగతీ తెలియదు, మనిషి సంగతీ తెలియదు.

నేనే ఏజెంటునైతే?

జూన్ 10

విజయ్‌కి చెప్పాను. ఎగిరి గంతేశాడు. "మన ఇళ్లకి మన ఏజెంటే అక్కా. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఆయనకి చెప్పాను. కాటా మీద బస్తా దించుతూ, "నలభై రెండేళ్లకి పరీక్షలా?" అన్నారు. వద్దనలేదు. వద్దన్నా రాసేదాన్నే.

జూన్ 14

ఏలూరులో క్లాసులో చేరాను. బ్యాంకుల తరఫున ఇంటి లోన్లు తేవాలంటే ముందు ఈ శిక్షణ, తర్వాత పరీక్ష, అది పాసైతే బ్యాంకు ఒక కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ లేకుండా ఫైలు పట్టుకోవడానికి లేదు.

చెప్పేది రాజరత్నం గారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడిస్తారట, పాఠం కూడా ఆ గొంతుతోనే చెబుతారు. క్లాసులో అందరూ పాతికేళ్లలోపు వాళ్లు. నన్ను చూసి ఎవరికో అమ్మననుకుని ఒక పిల్ల కుర్చీ వేసింది.

"మీరెందుకు వచ్చారమ్మా?" అని అడిగారు సార్.

"మా ఇళ్లు అమ్ముకోవడానికండి" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "అయితే వీళ్లందరికంటే మీకే కష్టమమ్మా" అన్నారు.

వయసు గురించి అన్నారనుకుంటాను.

జూన్ 25

మా తాడేపల్లిగూడెంలో రైలెక్కి పుస్తకం తెరిస్తే భీమడోలు వచ్చేసరికి ఒక పాఠం అవుతోంది. అక్కడ పాలవాళ్లు, కూరల గంపలు ఎక్కుతారు, ఇక చదవడం కుదరదు. వడ్డీ లెక్కలు నాకు సులువుగానే ఉన్నాయి. చట్టాలు మాత్రం తలకెక్కడం లేదు. ఇంగ్లీషు మాటలు చూసి తెలుగులో రాసుకుంటున్నాను.

జూలై 5

వట్లూరు వెళ్లి మా కొత్త బిల్డింగు చూసుకుని వచ్చాను. ఈ డైరీలో దాని గురించి ఒక్క మాటా రాయలేదని ఇప్పుడే గమనించాను.

కింది వాటా అమ్మేశాం. మధ్య వాటా నాది. నా గాజులు, అమ్మ గొలుసు దాంట్లోకే వెళ్లాయి. నా ఒక్కదాని పేరు మీద ఉన్న ఆస్తి అదే. అద్దెకున్నవాళ్లు నెలాఖరుకి ఖాళీ చేస్తారు. పై వాటా విజయ్ పేరు మీద ఉంది, వచ్చిన డబ్బు సగం సగం. మున్సిపాలిటీలో ప్లాను అనుమతి కింది, మధ్య వాటాలకే తీసుకున్నాం. పైది తర్వాత వేశాడు. ఆ వీధిలో అందరూ వేశారు. అనుమతి లేనివాటిని సరిచేసే స్కీం గవర్నమెంటు పెడుతుందని, అపరాధ రుసుము కడితే సరిపోతుందని విజయ్ అంటున్నాడు.

గాలి బాగుంది పైన. కొబ్బరి చెట్ల తలల మీదుగా రైళ్లు కనిపిస్తాయి.

జూలై 13, ఆదివారం

పరీక్ష. కంప్యూటరు మీద. అయిపోగానే మార్కులు తెర మీదే వేశారు.

పోయింది.

జూలై 14

రాయడానికేం లేదు.

జూలై 17

కొట్లో భోజనం క్యారియరు ఇస్తుంటే పక్క కొట్టు వెంకట్రాజు గారు, "ఏమమ్మా జానకమ్మా, పరీక్ష ఏమైంది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, "ఆగస్టులో మళ్లీ రాస్తోందండి" అన్నారు, అదేదో మొదట్నుంచీ అనుకున్నట్టుగా. తర్వాత తలెత్తకుండా ఉల్లిపాయలు ఏరుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రం మళ్లీ పుస్తకం తీశాను. తప్పింది చట్టాల దగ్గరే. చట్టాలే మొదలుపెట్టాను.

ఆగస్టు 2

రాజరత్నం సార్ విడిగా కూర్చోబెట్టి చెప్పారు. "బట్టీ పట్టకండమ్మా. ప్రతి రూలు వెనకాలా ఎవరో ఒకరు ఇల్లు పోగొట్టుకుని ఉంటారు. వాళ్లెవరో ఊహించుకోండి, గుర్తుంటుంది."

తాతాజీ గారి భార్యను ఊహించుకుంటున్నాను. గుర్తుంటోంది.

ఆగస్టు 24, ఆదివారం

పాసయ్యాను.

ఆయన ఫోనులో వింటూనే "సరే" అన్నారు. ఇంటికి వచ్చేసరికి పూతరేకుల పొట్లం బల్ల మీద ఉంది. ఎవరు తెచ్చారని అడగలేదు.

సెప్టెంబర్ 1

బ్యాంకులో ఇంటర్వ్యూ. రాజరత్నం సార్ తోడు వచ్చారు. బయటికి వచ్చాక కాఫీ తాగుతూ అన్నారు: "ఒక సంగతి గుర్తుంచుకోండి. మీకు గానీ మీవాళ్లకి గానీ వాటా ఉన్న ఇల్లయితే ముందు బ్యాంకుకి చెప్పేయాలి. ఆ ఫైలు మీరు పట్టుకోకూడదు."

"తెలుసండి. పరీక్షలో వచ్చింది."

"పరీక్షలో వచ్చింది సరేనమ్మా."

విజయ్‌కి చెబితే తేలిగ్గా తీసేశాడు. "పై వాటాలో నీ పేరెక్కడుంది అక్కా? నా పేరేగా. నువ్వూ నేనూ ఒకే ఇంట్లో కూడా లేం."

నిజమే. నా పేరు లేదు.

సెప్టెంబర్ 10

కోడ్ వచ్చింది. కార్డు మీద నా ఫోటో, కింద 'పి. జానకి'. దేవుడి దగ్గర పెట్టి తీశాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఫోటోలో కోపంగా ఉన్నావు" అన్నారు.

సెప్టెంబర్ 13

మొదటి పార్టీ. విజయ్ తీసుకొచ్చాడు.

ఎలిజబెత్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త సుకుమార్‌ది కొల్లేటి పక్క ఊరు, చేపల చెరువు లీజుకి చేస్తాడు. మూడేళ్ల పాప. ఆమె రోజూ బస్సులో వచ్చి వెళుతోంది, డ్యూటీ ఆలస్యమైతే వార్డులోనే ఉండిపోతోంది. వట్లూరులో ఇల్లు చూశారు, పై వాటా నచ్చింది, విజయ్‌కి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.

"మధ్య వాటా కూడా ఖాళీయేనండి" అని అనబోయి ఊరుకున్నాను. అది నాది. అమ్మే ఉద్దేశం లేదు.

"మా ఆయనకి పే స్లిప్ ఉండదు కదండీ. రెండు బ్యాంకులవాళ్లు ముఖం మీదే లేదన్నారు" అంది ఎలిజబెత్.

"పే స్లిప్ లేకపోయినా సంపాదన ఉంటే చూపించే దారులున్నాయండి. నేను వచ్చి చూస్తాను" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే నచ్చింది.

సెప్టెంబర్ 16

వాళ్ల ఊరు వెళ్లాను. ఏలూరు నుంచి ఆటో. రోడ్డు సన్నబడి చివరికి చెరువు గట్టే రోడ్డయింది. రెండు పక్కలా నీళ్లు, నీళ్లలో కర్రలకి వేలాడుతున్న తవుడు బస్తాలు. దూరంగా గూడబాతులు గుంపుగా కూర్చున్నాయి. వాటిని బెదరగొట్టడానికి ఎవరో డబ్బా వాయిస్తున్నారు.

సుకుమార్ మోకాళ్ల దాకా బురదతో వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప వేసి కాగితాలన్నీ పరిచాడు. చేపలు కొనే వ్యాపారి బిల్లులు, మేత బిల్లులు, బ్యాంకు పుస్తకం. రెండేళ్లుగా పన్ను రిటర్నులు కూడా వేయిస్తున్నాడు. ఒక పంట పోయింది, రెండు పంటలు నిలబడ్డాయి. పోయినది దాచకుండా ముందే చూపించాడు.

"ఇది చూపిస్తే ఇవ్వరేమోనండి" అన్నాడు.

"చూపించకపోతేనే ఇవ్వరు" అన్నాను.

వాళ్లమ్మ దేవకుమారి గారు టీ ఇచ్చారు. గోడకి నా నడుం ఎత్తున మట్టిరంగు గీత ఉంది. అడిగాను.

"అది పోయినసారి వచ్చిన నీళ్లమ్మా. సున్నం వేస్తాం, మళ్లీ వస్తుంది. నీళ్లొచ్చినప్పుడల్లా మంచాల మీద మంచాలు వేసుకుని పాపని పైన కూర్చోబెడతాం. కోడలు రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఎక్కడ పడుకోవాలో తెలియక నిలబడి ఏడ్చింది ఒకసారి. అందుకే పై అంతస్తు చూసుకోమన్నానండి. ఎంత పైనుంటే అంత మంచిది."

"వట్లూరులో అంత నీళ్లు రావండి" అన్నాను.

"రావని మీరంటారు. మేం నీళ్లొచ్చే చోట పుట్టినవాళ్లం" అని నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు పాప గట్టు దాకా వచ్చి చెయ్యి ఊపింది. ఈ ఫైలు అవ్వాలి. నా మొదటి ఫైలు. ఎంత కష్టమైనా అవ్వాలి.

సెప్టెంబర్ 18

కాగితాలన్నీ సిద్ధం. ఇంటి ప్లాను ఒక్కటే రావాలి. విజయ్ పంపిస్తానన్నాడు.

స్కీం వచ్చేస్తుంది. దసరా తర్వాత అంటున్నారట.

సెప్టెంబర్ 20

విజయ్ ప్లాను పంపాడు. మూడు అంతస్తులు ఉన్నాయి అందులో.

నేను స్వయంగా ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చిన ప్లాను అది. రెండు అంతస్తులకి. ఆ ముద్ర ఎక్కడ పడిందో, ఏ మూల మడత ఉందో నాకు తెలుసు. ఫోను చేసి అడిగాను.

"అదంతా నీకెందుకు అక్కా? ఒకతను చేసిచ్చాడు. బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కి వచ్చేవాడితో నేను మాట్లాడతాను. నువ్వు ఫైల్లో పెట్టు చాలు."

విజయ్ అలాంటివాడు కాదు. ఎవరో వాడిని ఇందులోకి దింపారు.

సెప్టెంబర్ 22

ఫైలు పంపలేదు.

సెప్టెంబర్ 23

ఎలిజబెత్ ఫోను. "ఎంతవరకు వచ్చిందండి?" అవుతోందండి అన్నాను.

పై వాటాలో నా పేరు లేదు. నేను సంతకం పెట్టేది ఫైలు మీదే గానీ ప్లాను మీద కాదు.

సెప్టెంబర్ 25

ఎలిజబెత్ ఫోను. తీయలేదు.

సెప్టెంబర్ 26

రాజరత్నం సార్ దగ్గరికి వెళ్లాను. నాకు తెలిసినవాళ్ల సంగతి అంటూ మొదలుపెట్టాను. ఒక బిల్డింగు ఉంది, పై అంతస్తుకి అనుమతి లేదు, కొనేవాళ్లు మంచివాళ్లు, నెల నెలా కట్టగలరు, కట్టి తీరుతారు. అలాంటప్పుడు బ్యాంకుకి వచ్చే నష్టం ఏముంది?

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "బ్యాంకుకేం నష్టం లేదమ్మా. కట్టేవాళ్లు కడతారు కదా. రేపు మున్సిపాలిటీవాళ్లు వచ్చి గోడలు కొడితే వాళ్లు లేని ఇంటికి ఇరవై ఏళ్లు కడతారు."

తర్వాత నెమ్మదిగా అడిగారు. "ఎవరిదమ్మా ఆ బిల్డింగు?"

"మాదేనండి" అన్నాను.

ఆయన గేటు దాకా వచ్చి సాగనంపారు.

సెప్టెంబర్ 27

విజయ్‌కి ఫోనులో చెప్పాను, ఈ ఫైలు నేను పంపనని. వాడు గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. "పోనీలే, ఇబ్బందైతే వదిలెయ్. ఒక ఫైనాన్సువాళ్లున్నారు, ప్లాను గీను అడగరు. వడ్డీ కాస్త ఎక్కువ. సోమవారం వాళ్ల దగ్గర సంతకాలు పెట్టించేస్తాను" అన్నాడు.

"ఎలిజబెత్ వాళ్లకి చెబుతావా, పైదానికి అనుమతి లేదని?"

"అడిగితే చెబుతా."

అడగరు. వాళ్లు నన్ను నమ్మారు. ప్లాను అనే కాగితం ఒకటి ఉంటుందని కూడా వాళ్లకి నేనే చెప్పాను.

ఇప్పుడు నేను ఏమీ చేయకపోయినా సరిపోతుంది. నా చేతికేం అంటదు. ఈ వాక్యం రాసి, చదువుకుని, చాలాసేపు కూర్చున్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఉదయం రైలుకి వెళ్లాను. వాళ్లు ఏలూరులో చర్చికి వచ్చారు, ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. ఎలిజబెత్ తెల్ల చీరలో వచ్చింది, నన్ను చూసి ముఖం విప్పారింది. శాంక్షన్ అయిందనుకుంది.

చెప్పాను. పై వాటాకి అనుమతి లేదని, బిల్డింగులో నాకు వాటా ఉందని, వచ్చే డబ్బులో సగం నాదని, రేపు మా తమ్ముడు సంతకాలు పెట్టమంటే పెట్టొద్దని.

నన్ను మెచ్చుకుంటారని ఎక్కడో ఆశపడ్డాననుకుంటాను. ఎలిజబెత్ ముఖం మారిపోయింది.

"మా ఇంటికి వచ్చారు కదండీ. మా అత్తగారి చేతి టీ తాగారు. అప్పుడు తెలుసా మీకు?"

"తెలుసండి."

"తెలిసీ పాపకి చెయ్యి ఊపి వెళ్లారా?"

సుకుమార్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మా అడ్వాన్సు ఇప్పించండి మేడం. ఇల్లు వద్దులెండి" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

సెప్టెంబర్ 29

విజయ్ మా ఇంటికే వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఎవరిని అడిగి చెప్పావు? అది నా పేరు మీద ఉన్న వాటా."

"డబ్బు సగం నాది కదరా."

"ఆ సగం పోగొట్టుకో. నా సగం ఎందుకు పోగొడతావు? ఊళ్లో ఇలాంటివి వంద ఉన్నాయి. అందరూ కొంటున్నారు, అందరూ ఉంటున్నారు."

"వాళ్ల అడ్వాన్సు ఇచ్చెయ్యి."

వాడు కిటికీ వైపు తిరిగాడు. ఉండి ఊరి రోడ్డులో ఇంకో సైటు తీసుకున్నాడట, ఆ డబ్బు అక్కడ కట్టేశాడట. నాకు చెప్పలేదు.

"కోడ్ వచ్చేసరికి నేను కూడా పార్టీనైపోయానా నీకు?" అన్నాడు. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ పోయిననాడు కూడా వాడు ఏడవలేదు. నాకు వాడిని దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. తీసుకుంటే ఒప్పుకునేదాన్ని.

వాడు వెళ్లాక ఆయన మజ్జిగ తెచ్చి పెట్టారు. "ఏం చేద్దామనుకుంటున్నావు?" అన్నారు. తెలియదన్నాను. "తెలిసే ఉంటుంది" అన్నారు.

అక్టోబర్ 1

ఎలిజబెత్ వాళ్లకి కావలసింది నీళ్లు ఎక్కని ఇల్లు. మధ్య వాటాకీ మెట్లెక్కే వెళ్లాలి. దానికి అనుమతి ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి.

అది నాది.

అక్టోబర్ 2

అది నాది. నా గాజులు.

అక్టోబర్ 4

ఆయనతో చెప్పాను. "ఏవండీ, మధ్య వాటా వాళ్లకి ఇచ్చేస్తాను. పై వాటాకి వాళ్లు ఒప్పుకున్న ధరకే. విజయ్‌కి ఇచ్చిన అడ్వాన్సు నాకు ముట్టినట్టు రాసిస్తాను. బదులుగా పై వాటా మొత్తం నా పేర రాయమంటాను."

"ఎవరూ కొనని వాటా తీసుకుంటావా?"

"కొనరు. స్కీం వస్తే కట్టి అనుమతి తెచ్చుకుంటాను. రాకపోతే అంతే."

ఆయన ఉల్లిపాయల ధర పడిపోయినప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నారు. "గాజుల సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు చివరికి. ఆ మాటకి ఏడుపొచ్చింది నాకు. ఇన్నాళ్లలో ఇప్పుడే.

అక్టోబర్ 7

బ్యాంకుకి వెళ్లి మేనేజరు గారికి మొత్తం చెప్పాను. బిల్డింగులో వాటా సంగతి, ఆ పార్టీ దగ్గర కాగితాలు తీసుకున్న సంగతి, ఇప్పుడు నా సొంత వాటా వాళ్లకి అమ్మాలనుకుంటున్న సంగతి. రాసి ఇచ్చాను.

ఆయన చదివి, "ఇది ముందు చెప్పాల్సిందండి" అన్నారు. విచారణ అయ్యేదాకా నా కోడ్ ఆపేశారు. ఎలిజబెత్ వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఫైలు వేరే ఏజెంటు పట్టుకుంటాడు.

బయటికి వచ్చి రాజరత్నం సార్‌కి ఫోను చేశాను. "ఆపేశారా? ఆపాలి కదమ్మా" అన్నారు. తర్వాత, "క్లాసుకి రండి శనివారం. కొత్త బ్యాచి. ఈ రూలు మీరు చెబుదురు గాని" అన్నారు.

అక్టోబర్ 9

మళ్లీ ఆ గట్టు మీద ఆటో. ఈసారి టీ తాగుతారా అని ఎవరూ అడగలేదు. ఎలిజబెత్ డ్యూటీకి వెళ్లడానికి జడ వేసుకుంటోంది. అసలు ప్లాను, ఇంటి మీద అప్పుల్లేవని చూపే ఈసీ, నా డాక్యుమెంట్లు అన్నీ చాప మీద పరిచి, "మీకు తెలిసిన లాయరుకి చూపించుకోండి. నా మాట మీద తీసుకోవద్దు" అన్నాను.

ఆమె కాగితాలు చూడలేదు. నన్నే చూసింది. "ఎందుకిస్తున్నారండి? జాలితోనా?"

"కాదండి. అమ్ముతున్నాను. మీరు ఇచ్చిన డబ్బు ఇంకోలా తిరిగి ఇవ్వలేను."

దేవకుమారి గారు గడపలోంచి అడిగారు. "అది మధ్యది కదమ్మా. పైనెవరుంటారు?"

"నేనేనండి" అన్నాను. అప్పటిదాకా అనుకోలేదు. పైన ఒక గది ఆఫీసులా పెట్టుకోవచ్చు.

"అయితే సరే. ముందు నీళ్లు కింది వాళ్ల దగ్గరికే వస్తాయి కదా, అప్పుడు మీ దగ్గరికే ఎక్కేస్తాం" అన్నారు ఆవిడ. సుకుమార్ మొదటిసారి నవ్వాడు. ఎలిజబెత్ నవ్వలేదు. కాగితాలు మాత్రం సర్ది సంచిలో పెట్టుకుంది.

అక్టోబర్ 22

అడ్వాన్సు తిరిగిచ్చే దారి లేక విజయ్ పై వాటా నా పేరున రాసిచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పక్కపక్కనే కూర్చున్నాం. వేలిముద్ర వేశాక సిరా తుడుచుకోవడానికి నా రుమాలు ఇచ్చాను. తీసుకున్నాడు.

నవంబర్ 8

ఎలిజబెత్ వాళ్లకి లోను శాంక్షన్. వాళ్లు నాకు చెప్పలేదు, వేరే ఏజెంటు చెప్పాడు. పే స్లిప్ లేని సంపాదన చూపించిన తీరు బాగుందని బ్యాంకులో అన్నారట. ఆ కాగితాలు పేర్చింది నేను. పేరు అతనిది. పర్లేదు అని రాస్తే అబద్ధం. కొంచెం బాధగానే ఉంది.

నవంబర్ 21

రిజిస్ట్రేషన్ అయింది. తాళాలు ఎలిజబెత్ చేతిలో పెట్టాను. "నీళ్ల మోటారు స్విచ్ ఎక్కడండి?" అని అడిగింది. చూపించాను. పాప మాత్రం మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ అలసిపోయింది.

డిసెంబర్ 3

కోడ్ మళ్లీ ఇచ్చారు. ఇకమీదట వాటా ఉన్న ఆస్తులన్నీ ఏడాదికోసారి రాసివ్వాలి. రాసిచ్చాను.

డిసెంబర్ 15

భీమడోలులో ఒక టీచరమ్మ, రాజశ్రీ. తల్లితో కలిసి చిన్న ఇల్లు కొనుక్కుంటోంది. ఇల్లు నాది కాదు, మావాళ్లది కాదు, అమ్మేవాళ్లెవరో కూడా నాకు తెలియదు. కొలతలు నేనే వెళ్లి చూశాను. ప్రహరీ ఒక పక్క పక్కింటి స్థలంలోకి జరిగి ఉంది. ముందు అది సరి చేయించుకోండి, తర్వాతే ఫైలు అన్నాను. ఆవిడ విసుక్కుంది. నెల ఆలస్యమైనా పర్లేదని కూర్చున్నాను.

జనవరి 24

డైరీ అయిపోయింది. అట్ట లోపలి వైపు రాస్తున్నాను.

రాజశ్రీ గారి లోను వచ్చింది. నా పేరు మీద, నా కోడ్ మీద, మొదటిది. ఆయనకి చెబితే కొట్లో అందరికీ టీ చెప్పారు. వెంకట్రాజు గారికి రెండు కప్పులు.

సాయంత్రం వట్లూరులో పైన కూర్చుని కాగితాలు సర్దుకుంటుంటే విజయ్ ఫోను. నాలుగు నెలల తర్వాత.

"అక్కా. ఉండి సైటులో ఇల్లు అయిపోయింది. ఒక పార్టీ వచ్చారు. లోను కావాలట."

"అందులో నీకు వాటా ఉందా?"

"ఉంది" అన్నాడు.

"అయితే నేను చేయకూడదు రా. రాజరత్నం గారి నంబరు ఇస్తాను, ఆయన మంచి మనిషిని చూపిస్తారు."

"ఇవ్వు." నంబరు రాసుకున్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. వెనకాల కంకర దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కాగితాలు ఒకసారి నువ్వు చూడు అక్కా" అన్నాడు. "ఏజెంటుగా వద్దు. ఊరికే చూడు. ఎక్కడైనా తేడా ఉంటే వాళ్లకి చెప్పేలోపు నాకు చెప్పు."

"ఉంటే సరి చేస్తావా?"

"చేస్తాను."

రేపు ఉదయం బస్సుకి ఉండి వెళుతున్నాను. కొలతల టేపు సంచిలో పెట్టుకున్నాను.